ఊక బాయిలర్ చిమ్నీలో కార్బన్ లెక్క: లోపలికి 370 కిలోలు, బయటికి 379?

మిర్యాలగూడ_బాయిలర్ | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది ఉప్పుడు బియ్యం మిల్లు. గంటకు 4 టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలర్, ఇంధనం మొత్తం ఊకే. మా దగ్గర బియ్యం కొనే కంపెనీ వాళ్లు పొగలో ఎంత కార్బన్ పోతుందో లెక్క కట్టి పంపమన్నారు. ఒక కన్సల్టెంట్ ఎక్సెల్ షీటు ఇచ్చి, రీడింగులు మీరే నింపుకోండని వెళ్లిపోయాడు. నింపిన వివరాలు ఇవి:

ఊక: గంటకు 1000 కిలోలు (కాటా లెక్క)
ఊకలో కార్బన్: 37 శాతం (ల్యాబ్ రిపోర్టు), అంటే గంటకు 370 కిలోలు
చిమ్నీలో గ్యాస్: గంటకు 10,450 క్యూబిక్ మీటర్లు, 160 డిగ్రీల దగ్గర (గ్యాస్ వేగం కొలిచే పిటాట్ ట్యూబ్‌తో కొలిచాం)
చేతి ఎనలైజర్ రీడింగ్: ఆక్సిజన్ 9.0 శాతం, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) 6.7 శాతం, సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 620 పీపీఎం (పది లక్షల్లో 620 వంతులు)

షీటు చెప్పిన జవాబు: పొగలో కార్బన్ గంటకు 379 కిలోలు. 370కి 379 అంటే రెండున్నర శాతమే తేడా, బాగానే కుదిరింది కదా అని పంపించేశాం. కొనేవాళ్ల తరఫున చెక్ చేసే ఆయన "ఇంధనానికి, గ్యాస్ రీడింగ్‌కి పొంతన లేదు, వివరణ ఇవ్వండి" అని ఒక్క లైను రాసి తిప్పి పంపాడు. ఇంత దగ్గరగా వచ్చినా ఆయనకు ఏం నచ్చలేదో అర్థం కావట్లేదు. మా ఓనరు రోజూ అడుగుతున్నాడు, టెన్షన్‌గా ఉంది.

రామగుండం_నైట్‌షిఫ్ట్ | శుక్రవారం, రాత్రి 9:40

అన్నా, ఒక్క ప్రశ్న. మీ బూడిద ఏ రంగులో వస్తది?

మిర్యాలగూడ_బాయిలర్ | శుక్రవారం, రాత్రి 9:44

నల్లగానే. ఊక బూడిద నల్లగా కాక ఎట్లుంటది?

రామగుండం_నైట్‌షిఫ్ట్ | శుక్రవారం, రాత్రి 9:58

అక్కడే దొరికిపోయింది చూడండి. పూర్తిగా కాలితే ఊక బూడిద తెల్లగా, బూడిదరంగులో ఉంటది. ఎందుకంటే అందులో ఎక్కువ భాగం సిలికానే. నల్లగా ఉందంటే కాలని కార్బన్ అందులో మిగిలిపోయినట్టు. అంటే బూడిదతో కొంత కార్బన్ పోతోంది, అది పోగా చిమ్నీలో ఇంకా 379 కిలోలు పోతోందా? లోపలికి వేసిందే 370. చిమ్నీ లెక్క 370 కంటే తక్కువ రావాలి, ఎక్కువ రాకూడదు. తేడా రెండున్నర శాతమైనా అది తప్పు వైపు ఉంది. చెక్ చేసే ఆయన అక్కడే ఆగి ఉంటాడు.

ఆర్సాట్_మేష్టారు | శనివారం, ఉదయం 6:25

నైట్‌షిఫ్ట్ గారు బూడిద దగ్గర పట్టుకున్నారు, నేను గ్యాస్ దగ్గర పట్టుకుంటాను. ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి, ఆక్సిజన్, సీఓటూ పక్కపక్కన కనిపిస్తే చేయి దానంతట అదే రెంటినీ కూడేస్తుంది. మీవి కూడితే 15.7.

స్వచ్ఛమైన కార్బన్ కాలితే ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో అంతే ఘనపరిమాణం సీఓటూ వస్తుంది. అందుకని ఎంత గాలి ఇచ్చినా పొడి గ్యాస్‌లో ఆ రెండింటి మొత్తం గాలిలో ఆక్సిజన్ శాతమెంతో అంతే, 20.9 దగ్గరే ఉంటుంది. ఇంధనంలో హైడ్రోజన్ పెరిగేకొద్దీ కొంత ఆక్సిజన్ నీరుగా మారిపోతుంది, నీటిని మనం పొడి గ్యాస్‌లో లెక్కించం కాబట్టి మొత్తం తగ్గుతుంది. ఊక, కట్టె, బొగ్గులాంటి ఘన ఇంధనాలకు మొత్తం 19, 20 మధ్యలోనో కాస్త పైనో వస్తుంది. 15.7 రావడమంటే హైడ్రోజన్ దండిగా ఉన్న ఇంధనం, అంటే సహజవాయువు లాంటిది కాలుతున్నట్టు. మిర్యాలగూడలో ఊక బాయిలర్‌కి గ్యాస్ పైపు ఎక్కడ నుంచి వచ్చిందండీ?

కెమికల్_విశాఖ | శనివారం, ఉదయం 8:10

మేష్టారు చెప్పిన దాని మీదే ఒక లెక్క వేశాను.

చేతి ఎనలైజర్లలో చాలావాటికి సీఓటూ సెన్సరే ఉండదు. అవి కొలిచేది ఆక్సిజన్, సీఓ మాత్రమే. స్క్రీన్ మీద కనిపించే సీఓటూ ఈ సూత్రంతో కట్టిన లెక్క:

సీఓటూ = ఆ ఇంధనపు గరిష్ఠ సీఓటూ × (20.9 − ఆక్సిజన్) ÷ 20.9

గరిష్ఠ సీఓటూ అంటే అదనపు గాలి ఒక్క చుక్క కూడా లేకుండా కాలితే పొడి గ్యాస్‌లో వచ్చే శాతం. అది ఇంధనాన్ని బట్టి మారుతుంది. మెనూలో మనం ఏ ఇంధనం పెడితే మీటరు దాని విలువ తీసుకుంటుంది. ఇప్పుడు మీ రీడింగ్‌ని వెనక్కి తిప్పుదాం: 6.7 × 20.9 ÷ 11.9 = 11.77. సహజవాయువు గరిష్ఠ సీఓటూ 11.8 దగ్గర ఉంటుంది.

మీటరు చూడకుండానే చెప్తున్నా, అందులో ఇంధనం సహజవాయువు అని సెట్ చేసి ఉంది. చూసి చెప్పండి.

మిర్యాలగూడ_బాయిలర్ | శనివారం, ఉదయం 10:35

సర్, చూశాను. మీరన్నట్టే "నేచురల్ గ్యాస్" అనే ఉంది! మీటరు అమ్మినవాళ్లు డెమో చూపించి అట్లాగే వదిలేసి పోయినట్టున్నారు. అందులో వుడ్, కోల్ ఉన్నాయి గాని ఊక అనే ఆప్షనే లేదు. ఏం పెట్టాలి? ఊక గరిష్ఠ సీఓటూ ఎంతో ఎట్లా తెలుస్తది?

కెమికల్_విశాఖ | శనివారం, ఉదయం 11:20

మీ ల్యాబ్ రిపోర్టులో కార్బన్ ఒక్కటే కాక మిగతా మూలకాలు కూడా ఉంటాయి, అవి పెట్టండి. వాటి నుంచి మనమే కట్టుకోవచ్చు.

మిర్యాలగూడ_బాయిలర్ | శనివారం, ఉదయం 11:31

కార్బన్ 37, హైడ్రోజన్ 5, ఆక్సిజన్ 32, నైట్రోజన్ 0.4, సల్ఫర్ 0.1, బూడిద 17, తేమ 8.5. నికర కెలోరిఫిక్ విలువ (కాలితే వచ్చే వేడి) కిలోకి 13.2 మెగాజౌల్.

కెమికల్_విశాఖ | శనివారం, మధ్యాహ్నం 12:15

100 గ్రాముల ఊక తీసుకుందాం. నైట్రోజన్, సల్ఫర్ చాలా తక్కువ, వదిలేస్తున్నా.

కార్బన్ 37 ÷ 12 = 3.08 మోల్స్. దానికి కావలసిన ఆక్సిజన్ 3.08 మోల్స్.
హైడ్రోజన్‌కి కావలసిన ఆక్సిజన్: 5 ÷ 4.03 = 1.24 మోల్స్.
ఊకలోనే ఉన్న ఆక్సిజన్: 32 ÷ 32 = 1.00 మోల్. ఇది తీసేయాలి.
గాలి నుంచి రావలసిన ఆక్సిజన్: 3.08 + 1.24 − 1.00 = 3.32 మోల్స్.
దానితోపాటు వచ్చే నైట్రోజన్ (గాలిలో ఆక్సిజన్‌కి 3.77 రెట్లు): 3.32 × 3.77 = 12.5 మోల్స్.

పొడి గ్యాస్ = 3.08 + 12.5 = 15.6 మోల్స్. గరిష్ఠ సీఓటూ = 3.08 ÷ 15.6 = 19.7 శాతం.

ఆక్సిజన్ 9.0 ఉంటే అసలు సీఓటూ: 19.7 × 11.9 ÷ 20.9 = 11.2 శాతం. మేష్టారి కూడిక చేస్తే 20.2. ఇప్పుడు ఘన ఇంధనంలా ఉంది. మీ మీటరులో ఇంధనాన్ని మనం సొంతంగా చేర్చుకునే సదుపాయం ఉంటే 19.7 పెట్టండి. లేకపోతే మీటరు చూపే సీఓటూని పట్టించుకోకుండా ఆక్సిజన్ రీడింగ్ నుంచి మీరే కట్టుకోండి, అదే నయం.

మిర్యాలగూడ_బాయిలర్ | శనివారం, మధ్యాహ్నం 1:05

అట్లా పెట్టి షీటు మళ్లీ నడిపితే కార్బన్ గంటకు 630 కిలోలు వస్తోంది సర్. వేసింది 370. ఇదింకా అధ్వాన్నమైంది.

పిటాట్_పిచ్చోడు | శనివారం, మధ్యాహ్నం 2:30

ఇప్పుడు నా వంతు. నేను పొద్దస్తమానం చిమ్నీలెక్కి ప్రవాహం కొలిచేవాణ్ణి. బ్రదర్, ఆ 10,450 అనేది 160 డిగ్రీల వేడిలో, నీటి ఆవిరితో కలిపి ఉన్న ఘనపరిమాణం. పిటాట్ ట్యూబ్‌కి ఆవిరి, గ్యాస్ అనే తేడా తెలియదు, ఎదురొచ్చిందంతా కొలుస్తుంది. మీ ఎనలైజర్ మాత్రం గ్యాస్‌ని చల్లార్చి, నీటిని ట్రాప్‌లో దించి, పొడి గ్యాస్‌లో శాతం చూపిస్తుంది. (ఆ ట్రాప్‌లో చేరే నల్లటి నీళ్లు పారబోస్తున్నారా లేదా? నిండితే ఆ నీళ్లు పంపులోకి వెళ్తాయి.) తడి ప్రవాహాన్ని పొడి శాతంతో గుణిస్తే ఎక్కువే వస్తుంది, వేడికి ఉబ్బిన ప్రవాహమైతే ఇంకా ఎక్కువ.

ముందు వేడి: 10,450 × 273 ÷ (273 + 160) = 6,588. ఇది 0 డిగ్రీల దగ్గర నార్మల్ క్యూబిక్ మీటర్లు, ఇంకా తడి లెక్కే.

తర్వాత తేమ. కిలో ఊకలో హైడ్రోజన్ 0.05 కిలోలు, అది కాలితే తొమ్మిది రెట్లు నీరు, అంటే 0.45 కిలోలు. ఊకలోని తేమ 0.085. గాలితో వచ్చే తేమ ఇంకో 0.1 చిల్లర వేసుకోండి. మొత్తం 0.65 కిలోలు, ఆవిరి రూపంలో 0.81 నార్మల్ క్యూబిక్ మీటర్లు. తడి గ్యాస్‌లో ఇది 12 శాతం. కాబట్టి 6,588 × 0.88 = 5,800 నార్మల్ క్యూబిక్ మీటర్లు, పొడి లెక్క.

నార్మల్ అనే మాట దగ్గర జాగ్రత్త. ఇంజినీరింగ్ పుస్తకాల్లో 0 డిగ్రీలు. మన కాలుష్య నియంత్రణ మండలి చిమ్నీ పరీక్షల్లో 25 డిగ్రీలు, 760 మిల్లీమీటర్ల పాదరసం. ల్యాబ్ రిపోర్టులో నార్మల్ క్యూబిక్ మీటర్ అని ఉంటే అది ఏదో అడిగి తెలుసుకోండి. రెండు కలిపేస్తే తేడా 9 శాతం.

కెమికల్_విశాఖ | శనివారం, మధ్యాహ్నం 3:05

దానికి జోడింపు. 0 డిగ్రీల దగ్గర ఒక కిలోమోల్ గ్యాస్ 22.414 క్యూబిక్ మీటర్లు ఆక్రమిస్తుంది. సీఓటూలో అయినా సీఓలో అయినా ఒక కిలోమోల్‌కి కార్బన్ 12.011 కిలోలే. కాబట్టి గ్యాస్‌లో ప్రతి ఒక శాతానికి, ప్రతి క్యూబిక్ మీటరుకి 5.36 గ్రాముల కార్బన్. 25 డిగ్రీల లెక్కలో అదే 4.91 గ్రాములు. ఈ రెండంకెలు గోడ మీద రాసి పెట్టుకుంటే సరిపోతుంది.

సీఓటూ 11.2 + సీఓ 0.06 = 11.26 శాతం.
11.26 × 5.36 = 60.3 గ్రాములు.
60.3 × 5,800 = గంటకు 350 కిలోల కార్బన్.

కావాలంటే 25 డిగ్రీలతో చూడండి: ప్రవాహం 6,330, ఒక శాతానికి 4.91. మళ్లీ 350 వస్తుంది.

మిర్యాలగూడ_బాయిలర్ | శనివారం, మధ్యాహ్నం 3:40

అంటే ఆ షీటులో రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని 379 వచ్చిందా! సీఓటూ 40 శాతం తక్కువ, ప్రవాహం 80 శాతం ఎక్కువ. రెండూ కలిస్తే అచ్చం సరైన లెక్కలాగా కనపడింది. ఒకటే సరిచేస్తే 630కి పోయింది.

రామగుండం_నైట్‌షిఫ్ట్ | శనివారం, సాయంత్రం 4:15

అవును అన్నా. అందుకే మొత్తం కుదిరిందంటే నేను నమ్మను, ప్రతి అంకెనీ విడిగా వేరే దారిలో చూడాలంటాను. ఇప్పుడు 370 లోపలికి, 350 చిమ్నీలోకి. మిగిలిన 20 బూడిదలో ఉండాలి. నిజంగా ఉందా లేదా చూడాలి కదా. బూడిద శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపి, మండించినప్పుడు ఎంత బరువు తగ్గుతుందో పరీక్ష చేయించండి. ఒక్క చోట గుప్పెడు తీయకండి. కొలిమి కింద పడే బూడిద, డస్ట్ కలెక్టర్‌లో పడే బూడిద వేర్వేరుగా ఉంటాయి. గాలికి ఎగిరివచ్చే సన్న బూడిదలో కాలని కార్బన్ ఎంతుందో విడిగా చూస్తే గాని తెలియదు.

ఇంకో ప్రశ్న. ఎనలైజర్ ప్రోబ్, పిటాట్ ట్యూబ్ ఒకే చోట పెట్టారా? బాయిలర్ అవుట్‌లెట్‌లో గ్యాస్ కొలిచి, చిమ్నీ పైన ప్రవాహం కొలిస్తే మధ్యలో డక్ట్ లీకుల్లోంచి చొరబడే గాలి లెక్కను చెడగొడుతుంది. గాలి ఎంత కలిసినా రెండూ ఒకే చోట కొలిస్తే కార్బన్ మారదు.

మిర్యాలగూడ_బాయిలర్ | శనివారం, సాయంత్రం 4:50

రెండూ చిమ్నీ ప్లాట్‌ఫాం దగ్గరున్న ఒకే రంధ్రంలో పెట్టాం. బూడిద రెండు చోట్లా తీసి సోమవారం పంపిస్తా.

డీజిల్_బండి | శనివారం, రాత్రి 8:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా కారుకి పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకుంటే సీఓటూ అంకె కనిపించదు, పొగ మందం ఒక్కటే ఉంటుంది. మరి నా కారు ఎంత కార్బన్ వదులుతుందో ఎలా తెలుస్తుంది?

కెమికల్_విశాఖ | శనివారం, రాత్రి 9:02

డీజిల్ బండికి ఆ పరీక్షలో పొగ ఎంత వెలుతురుని ఆపుతుందో మాత్రమే చూస్తారు. పెట్రోల్ బండికైతే సీఓ, కాలని హైడ్రోకార్బన్లు చూస్తారు. రెండిట్లోనూ మొత్తం కార్బన్ లెక్క లేదు. మీకు కావాలంటే గ్యాస్ కొలవక్కర్లేదు, పెట్రోల్ బంకు బిల్లు చాలు. లీటరు డీజిల్‌లో సుమారు 720 గ్రాముల కార్బన్ ఉంటుంది, దాదాపు అంతా సీఓటూ అయి లీటరుకి 2.6 కిలోలకు పైగా బయటికొస్తుంది.

ఇదే లెక్కని తిరగేసి ల్యాబ్‌లో మైలేజీ కడతారు. పొగ మొత్తాన్ని పోగుచేసి అందులోని సీఓటూ బరువుని 0.273తో, సీఓ బరువుని 0.429తో, హైడ్రోకార్బన్లను 0.866తో గుణించి కూడితే కార్బన్ బరువు వస్తుంది. అంత కార్బన్‌కి ఎంత ఇంధనమో అదే ఖర్చు. మొదటి రెండూ 12/44, 12/28, మూడోది ఇంధనంలో కార్బన్ వాటా.

మోడరేటర్ | శనివారం, రాత్రి 9:15

బండ్ల గురించి వాహనాల విభాగంలో కొత్త చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ బాయిలర్ ఉండనివ్వండి.

ఆర్సాట్_మేష్టారు | ఆదివారం, ఉదయం 7:10

నైట్‌షిఫ్ట్ గారి మాట మీద ఇంకోటి. 11.2 అనేది ఇప్పటికీ లెక్కగట్టిన అంకే, కొలిచినది కాదు. ఊకలో మూలకాల రిపోర్టు తప్పయితే అదీ తప్పే. దగ్గరలో ఆర్సాట్ (వాయువుల్ని ఒక్కొక్కటిగా ద్రావణాల్లో పీల్పించి కొలిచే పెట్టె) ఉన్న ల్యాబ్ ఏదైనా ఉంటే ఒకసారి పిలవండి. పాత పద్ధతే కాని సీఓటూని నేరుగా పట్టి చూపిస్తుంది.

వరుస ముఖ్యం. 100 మిల్లీలీటర్ల గ్యాస్‌ని ముందు పొటాషియం హైడ్రాక్సైడ్‌లోకి పంపాలి, అక్కడ సీఓటూ పోతుంది. తర్వాత పైరోగాలాల్, అక్కడ ఆక్సిజన్ పోతుంది. చివర క్యూప్రస్ క్లోరైడ్, అది సీఓకి. వరుస మార్చారో లెక్క పోయినట్టే. పైరోగాలాల్ ద్రావణం క్షారం కాబట్టి సీఓటూని కూడా మింగేస్తుంది, క్యూప్రస్ క్లోరైడ్ ఆక్సిజన్‌ని కూడా పట్టేస్తుంది. ఒక్కొక్క దాంట్లోకి గ్యాస్‌ని పంపుతూ, వెనక్కి లాగుతూ, బ్యూరెట్ (గీతలున్న గాజు గొట్టం) రీడింగ్ ఇక కదలకుండా ఆగేదాకా చేయాలి. రీడింగ్ తీసేటప్పుడు లెవెలింగ్ సీసాని బ్యూరెట్ పక్కన పట్టుకుని రెండు నీటి మట్టాలు సమానం చేయడం కుర్రాళ్లు మర్చిపోతారు.

మిర్యాలగూడ_బాయిలర్ | గురువారం, రాత్రి 8:45

మేష్టారూ, నల్గొండ నుంచి ఒకాయన ఆర్సాట్ పెట్టె తెచ్చాడు. కొలిమి నిలకడగా మండుతున్నప్పుడు చిమ్నీ దగ్గరే చేశాం. బ్యూరెట్‌లో 100 నుంచి మొదలుపెడితే పొటాషియం హైడ్రాక్సైడ్ తర్వాత 88.8కి వచ్చి ఆగింది. పైరోగాలాల్ తర్వాత 79.8. మూడో దాంట్లో కదలికే లేదు. అంటే సీఓటూ 11.2, ఆక్సిజన్ 9.0. 620 పీపీఎం సీఓ అంటే 0.06 మిల్లీలీటర్లు, అది గీతల్లో కనపడదని ఆయనే చెప్పాడు.

బూడిద రిపోర్టు కూడా వచ్చింది. రెండు రకాలు వాటి బరువు ప్రకారం కలిపితే మండించినప్పుడు తగ్గిన బరువు 12 శాతం.

రామగుండం_నైట్‌షిఫ్ట్ | గురువారం, రాత్రి 9:30

శభాష్. ఊకలో బూడిద గంటకు 170 కిలోలు. కార్బన్‌తో కలిపి బయటపడేది 170 ÷ 0.88 = 193. తేడా 23 కిలోలు, అంతా కార్బనే అనుకుంటే. 350 + 23 = 373. లోపలికి 370.

మళ్లీ దగ్గరగా వచ్చింది గాని ఈసారి ప్రతి అంకె వేరే వేరే చోట నుంచి వచ్చింది. అయినా 3 కిలోల తేడా చూసి మురిసిపోకండి. పిటాట్ కొలతలోనే అయిదు శాతం అటూ ఇటూ ఉంటది, కాటా లెక్క సంగతి మీకే తెలుసు. రిపోర్టులో "350, అయిదు శాతం అటూ ఇటూ" అని రాయండి. మసి సంగతి ఎవరైనా అడిగితే, క్యూబిక్ మీటరుకి 150 మిల్లీగ్రాముల ధూళి ఉన్నా గంటకు కిలో కూడా కాదు, అందులోనూ ఎక్కువ భాగం సిలికా అని చెప్పండి.

కెమికల్_విశాఖ | గురువారం, రాత్రి 10:05

ఇంకో దారిలోనూ చూశాను. ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) ఊకలాంటి ఘన జీవ ఇంధనాలకు ఇచ్చిన సాధారణ విలువ గిగాజౌల్‌కి 100 కిలోల సీఓటూ. మీ ఊక గంటకు 13.2 గిగాజౌల్స్, అంటే 1,320 కిలోల సీఓటూ, కార్బన్‌గా 360. మీరు చిమ్నీలో కొలిచినది 350, సీఓటూగా మారిస్తే 1,283. ఫర్వాలేదు.

కాని అసలు సంగతి ఎవరూ అడగలేదు. ఊక కార్బన్ వరి మొక్క గాలిలోంచి తీసుకున్నదే. గ్రీన్‌హౌస్ వాయువుల రిపోర్టుల్లో ఆ సీఓటూని ప్రధాన మొత్తంలో కలపరు, జీవసంబంధమైనదిగా విడిగా చూపిస్తారు. ఊక మంటలో వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం ప్రధాన మొత్తంలోకే వెళ్తాయి. మీ షీటులో ఆ రెండు గడులు వేరుగా ఉన్నాయా?

మిర్యాలగూడ_బాయిలర్ | గురువారం, రాత్రి 10:20

లేవు సర్. అంతా ఒక్క గడిలోనే ఉంది. ఇంతా చేసి ఈ 1,283 ప్రధాన మొత్తంలోకే రాదా?

కెమికల్_విశాఖ | గురువారం, రాత్రి 10:34

రాదు, కాని వాళ్లు విడిగా అడుగుతారు కాబట్టి వృథా కాదు. ప్రధాన మొత్తంలోకి వచ్చేది కరెంటు పోయినప్పుడు నడిపే జనరేటర్ డీజిల్, లోడర్ ట్రాక్టర్ డీజిల్. కరెంటు బిల్లు ఇంకో వరుసలో. చిమ్నీ మీద ఇంత కష్టపడ్డారు, స్టోర్స్‌లో డీజిల్ రిజిస్టరు ఎవరు రాస్తున్నారో కూడా చూడండి.

పిటాట్_పిచ్చోడు | గురువారం, రాత్రి 10:50

డీజిల్ రిజిస్టరా, అది చిమ్నీ ఎక్కడం కంటే కష్టం బ్రదర్ 😀

మిర్యాలగూడ_బాయిలర్ | శుక్రవారం, ఉదయం 9:05

రాత్రే మా స్టోర్స్ అతన్ని అడిగాను. జనరేటర్‌కి, ట్రాక్టర్లకి, ఓనరు జీపుకి అన్నిటికీ ఒకే రిజిస్టరు, ఒకే వరుస. ఈ నెల నుంచి విడివిడిగా రాయమన్నాను. కొత్త షీటులో రెండు గడులు పెట్టి, 0 డిగ్రీలా 25 డిగ్రీలా అని ఎంచుకునే పెట్టె కూడా పెట్టాను. ఊక మిల్లుల వాళ్లు ఎవరికైనా కావాలంటే సోమవారం ఇక్కడే ఫైలు పెడతా. వేరుశనగ పొట్టు కలిపి కాల్చేవాళ్లు 19.7 వాడొద్దు, మీ ల్యాబ్ రిపోర్టుతో గరిష్ఠ సీఓటూ మళ్లీ కట్టుకోండి.